ఏఎంహెచ్ అంకె, కర్రీ పాయింట్ కవరు, మీ ఆయన కొట్టే మందు

చెల్లీ, ముందు ఆ రిపోర్టు మడిచి బీరువాలో పడెయ్. ఏఎంహెచ్ 1.1 వచ్చిందని, ల్యాబ్ వాళ్లు పక్కన కిందికి బాణం గుర్తు వేశారని, మీ తోడికోడలికి మూడున్నర వచ్చిందని నిన్నట్నుంచీ నీకు ముద్ద దిగడం లేదట. అమ్మ చెప్పింది. ఆవిడకు పిల్లాడు పుట్టాడు కదా అంటావేమో. పుట్టాడు, సంతోషం. ఆ మూడున్నర వల్లే పుట్టాడని ఎవరన్నారు?

ఏఎంహెచ్ అంటే అండాశయంలో ఉండే చిన్న చిన్న ఫోలికల్స్ నుంచి వచ్చే హార్మోను. ఇంకా ఎన్ని గుడ్లు మిగిలున్నాయో దాన్నిబట్టి డాక్టర్లు ఒక అంచనా వేసుకుంటారు. డబ్బాలో బియ్యం ఎన్నున్నాయో చెబుతుందే గానీ అన్నం ఎలా ఉడుకుతుందో చెప్పదు. గుడ్డు నాణ్యతను ఎక్కువగా తేల్చేది వయసు. నీకింకా ముప్ఫై ఒకటే. 2017లో అమెరికా వాళ్లు ఒక పరిశోధన ఫలితం అచ్చువేశారు. ముప్ఫై నుంచి నలభై నాలుగేళ్ల మధ్య వయసులో, అంతకుముందు ఏ సమస్యా లేకుండా అప్పుడే పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన సుమారు 750 మంది ఆడవాళ్లను గమనించారు. ఏఎంహెచ్ బాగా తక్కువున్న వాళ్లకీ, మామూలుగా ఉన్న వాళ్లకీ గర్భం నిలిచే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

నీది ఐవీఎఫ్ కాబట్టి లెక్క కొంచెం వేరు, కాదనను. ఇక్కడ ఆ అంకెకు పని ఉంది. ఇంజెక్షన్లు ఎంత డోసులో ఇవ్వాలి, గుడ్లు బయటికి తీసే పికప్‌లో సుమారు ఎన్ని రావచ్చు అనేవి డాక్టరమ్మ దాన్ని చూసే నిర్ణయిస్తుంది. తక్కువుంటే ఒక్కో పికప్‌కి గుడ్లు తక్కువ వస్తాయి, ఇంకోసారి చేయాల్సి రావచ్చు. మరీ ఎక్కువున్నా సంబరపడక్కర్లేదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఏడూ ఎనిమిదీ వస్తుంది, ఇంజెక్షన్లకు అండాశయాలు ఉబ్బిపోయి, పొట్టలో నీరు చేరి ఆస్పత్రిలో పడుకున్న వాళ్లున్నారు. ఇంకో మాట. మీ తోడికోడలి రిపోర్టులో అంకె పక్కన ఏం రాసుందో చూశావా? కొన్ని ల్యాబులు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని పికోమోల్స్‌లో. నీ 1.1 నానోగ్రాములే రెండో లెక్కలో దాదాపు 8 అవుతాయి. ఆవిడ మూడున్నర పికోమోల్స్ అయితే నీకంటే తక్కువే! అడిగి చూడు. వద్దులే, అడక్కు, మళ్లీ దానికో గొడవ.

అసలు అంతకన్నా ముందు నాకో అనుమానం. జుట్టు రాలుతోందని నువ్వు వేసుకుంటున్న బయోటిన్ గోలీలు రక్తం ఇచ్చిన రోజు కూడా వేసుకున్నావా? మొన్న వచ్చినప్పుడు నీ డ్రెస్సింగ్ టేబుల్ మీద సగం ఖాళీ అయిన షీటు చూశాను, 10 మిల్లీగ్రాములని ఉంది. మనిషికి రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గోలీలో మూడొందల రెట్లకు పైన! జుట్టుకు ఎంత మేలు చేస్తుందో గానీ, రక్తపరీక్షలను మాత్రం తికమక పెడుతుంది. హార్మోన్లు కొలిచే చాలా యంత్రాలు, పరీక్ష రసాయనంలో బయోటిన్‌ను ఒక జిగురులా వాడుకుని పనిచేస్తాయి. నీ రక్తంలోనే అది బోలెడంత ఉంటే ఆ జిగురు సరిగ్గా అంటుకోదు. కొన్ని పరీక్షల్లో అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్, గర్భానికి చూసే బీటా హెచ్‌సీజీ అలాంటివి. ఈస్ట్రడయాల్ లాంటి కొన్నింటిలో ఎక్కువ చూపిస్తుంది. అన్ని కంపెనీల యంత్రాలకీ ఈ ఇబ్బంది లేదు, మన ల్యాబులో ఏది ఉందో మనకు తెలీదు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మన దగ్గర రక్తం తీసే అమ్మాయి ఏం అడుగుతుంది? ‘ఏమైనా తిన్నారా?’ అంతే. ఏ గోలీలు వేసుకుంటున్నారని అడగదు. కాబట్టి నువ్వే చెప్పాలి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపెయ్. డాక్టరమ్మతో కూడా చెప్పి, అవసరమంటే మళ్లీ చేయించు.

థైరాయిడ్ సంగతి నీకు తెలిసిందే. ఐవీఎఫ్ చేసేవాళ్లు చాలామంది టీఎస్‌హెచ్ రెండున్నర లోపుండాలని చూస్తారు. థైరాయిడ్ గోలీ ఇస్తే పొద్దున్నే పరగడుపున వేసుకో, కాఫీ కొంచెంసేపు ఆగి తాగు. మన ఇళ్లల్లో కాఫీతోనే గోలీ మింగేస్తారు, అదే తంటా. విటమిన్ డి మాటకొస్తే, తక్కువుంటే వేసుకోవాల్సిందే, ఎముకలకు మంచిది. కానీ దాంతో ఐవీఎఫ్ సక్సెస్ అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకు. ఇటలీలో 630 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 6 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూశారు. గర్భం నిలిచిన వాళ్ల శాతంలో తేడా రాలేదు.

ఇక నువ్వు మెసేజ్‌లో అడిగిన అసలు సంగతి, ప్లాస్టిక్కులు, రసాయనాలు. ‘అక్కా, ఇవన్నీ నిజమా, యూట్యూబ్ భయాలా?’ అన్నావు. కొంత నిజం, కొంత భయం. నిజం ఎక్కడ మొదలైందో చెబుతాను.

1998లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ ఊరు. పట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ఆడ ఎలుకల గుడ్ల మీద పనిచేస్తోంది. ఆవిడ వెతుకుతున్నది మనకు బాగా కావాల్సిన విషయమే: వయసు పెరిగేకొద్దీ గుడ్లలో క్రోమోజోములు ఎందుకు తప్పుతాయి? ఏ తేడా చేయకుండా పోలిక కోసం ఉంచిన మామూలు ఎలుకల్లో తప్పుడు గుడ్లు నూటికి ఒకటో రెండో ఉండేవి. ఉన్నట్టుండి అవి నలభైకి చేరాయి. ఏం మార్చలేదు, మేత అదే, ఎలుకలు అవే. తల బద్దలు కొట్టుకుని వెతికితే చివరికి బయటపడింది ఏంటంటే, బోనులు కడిగే చోట ఎవరో తెలియక నేల తుడిచే ఘాటైన డిటర్జెంట్‌తో ప్లాస్టిక్ బోనులు, నీళ్ల సీసాలు కడిగారు. ఆ ఘాటుకు ప్లాస్టిక్ కరిగి బీపీఏ అనే పదార్థం బయటికి వచ్చింది. ఎలుకలు దాన్నే నాకాయి, ఆ నీళ్లే తాగాయి. ఆవిడ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేసి చూసి, 2003లో గానీ అచ్చువేయలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఆ ఓపికే.

దాని తర్వాత ‘బీపీఏ ఫ్రీ’ అని రాసిన సీసాలు, డబ్బాలు వచ్చాయి. మన దేశంలోనూ 2015లో పాలసీసాల ప్రమాణాల్లో బీపీఏ ఉండకూడదని పెట్టారు. మరి దాని బదులు ఏం వాడారు? చాలాచోట్ల బీపీఎస్ అని దాని చెల్లెల్నే. 2018లో అదే హంట్ గారి ల్యాబులో, ఈసారి బీపీఏ లేదని తెచ్చుకున్న కొత్తరకం బోనులు పాతబడి, వాటిలోంచి బీపీఎస్ కారింది. మళ్లీ ఎలుకల గుడ్లలో గొడవే. అందుకే ఆ స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బులు పెట్టకు. మన స్టీలు డబ్బాకు ఏ స్టిక్కరూ అక్కర్లేదు.

ఎలుకలు వేరు, మనుషులు వేరు అంటావు. సరే. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో 2004 నుంచి రస్ హౌజర్ అనే డాక్టరు, హార్వర్డ్ వాళ్లు కలిసి ఐవీఎఫ్‌కి వచ్చిన జంటల మీద పెద్ద పరిశీలన నడిపారు. చికిత్స జరుగుతుండగానే మూత్రం నమూనాలు తీసుకుని, అందులో ఏ రసాయనాలు ఎంతున్నాయో కొలిచి, తర్వాత గుడ్లు ఎన్ని వచ్చాయి, గర్భం నిలిచిందా, బిడ్డ పుట్టిందా అని జత చేసి చూశారు. థాలేట్లని ఉంటాయి, ప్లాస్టిక్‌ను మెత్తగా చేసేవి, సెంట్లలో వాసన నిలిచేలా చేసేవి. వాటిలో డీఈహెచ్‌పీ అనే రకం ఎక్కువున్న వాళ్లకు గుడ్లు తక్కువ వచ్చాయి, బిడ్డ పుట్టిన వాళ్లూ తక్కువే. బీపీఏ దగ్గర ఒక తమాషా కనపడింది. సోయా తినని వాళ్లలో బీపీఏ పెరిగేకొద్దీ బిడ్డ పుట్టే అవకాశం తగ్గింది, సోయా తినేవాళ్లలో ఆ తేడానే లేదు. అలాగని రేపట్నుంచీ మూడుపూటలా మీల్‌మేకర్ కూర వండకు. అది ఒక్క పరిశోధన మాట.

ఇవన్నీ ‘ఇది ఎక్కువున్న చోట అది తక్కువుంది’ అనే రకం. ఇదే దానికి కారణమని ఎవరూ ఒట్టు వేయలేరు. థాలేట్లు ఎక్కువున్న వాళ్లు ప్యాకెట్ తిండి కూడా ఎక్కువ తింటుండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. కాబట్టి ‘నేను ప్లాస్టిక్ బాక్సులో అన్నం తిన్నందుకే నాకిలా అయింది’ అని రాత్రిళ్లు లెక్కలు కట్టకు. ఆ మాట మీ అత్తగారు అన్నా సరే, నువ్వు ఒప్పుకోకు.

నేను చెప్పేదల్లా ఒక్కటే. బీపీఏ, థాలేట్లు ఒంట్లో ఏళ్ల తరబడి ఉండవు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. మళ్లీ తింటాం, మళ్లీ వస్తాయి. అంటే రోజూ వచ్చే దారి తగ్గిస్తే ఒంట్లోనూ తగ్గుతాయి, దానికోసం ఎవరి ‘డీటాక్స్’ ప్యాకేజీ కొనక్కర్లేదు. నీ కిడ్నీలు ఆ పని ఉచితంగానే చేస్తున్నాయి.

ఆ దారి ఎక్కడంటే, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ నువ్వు ఆగే కర్రీ పాయింట్ దగ్గర. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి, గాలి నింపి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తాడు చూడు, దాని గురించే. పాలిథీన్‌లో బీపీఏ వాడరులే. కానీ ఆ కవరు ఏ సరుకుతో, ఎక్కడ తయారైందో నీకూ తెలీదు, వాడికీ తెలీదు. వేడి, నూనె, పులుపు, మూడూ కలిస్తే ప్లాస్టిక్‌లో ఉన్నదేదైనా సులువుగా బయటికి వస్తుంది. మన గోంగూర, పులుసులు, చేపల కూర, అన్నీ ఆ బాపతే. బ్యాగులో రెండు స్టీలు క్యారియర్ గిన్నెలు పెట్టుకో. మొదటిరోజు వాడు వింతగా చూస్తాడు, రెండోరోజు అలవాటైపోతాడు. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టకు. సూపర్‌మార్కెట్ బిల్లు, ఏటీఎం చీటీ, ఆ నున్నటి కాగితానికి పైపూతగా బీపీఏ గానీ బీపీఎస్ గానీ ఉంటుంది. శానిటైజర్ రాసుకున్న తడి చేత్తో పట్టుకుంటే చర్మంలోకి ఇంకా ఎక్కువ పోతుంది. బిల్లు వద్దని చెప్పు, పోయేదేముంది.

పురుగుమందుల దగ్గరికొస్తే మనవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు అసలు పట్టించుకోరు, రెండోవాళ్లు కూరగాయలు తినడమే మానేస్తారు. బోస్టన్ వాళ్లే 2018లో 325 మంది తిండి లెక్కలు చూశారు. మందు అవశేషాలు ఎక్కువుండే పళ్లు, కూరగాయలు రోజుకు రెండుసార్లకు మించి తిన్నవాళ్లలో, బాగా తక్కువ తిన్నవాళ్లతో పోలిస్తే, బిడ్డ పుట్టే అవకాశం 26 శాతం తగ్గింది. కానీ అవశేషాలు తక్కువుండే పళ్లు, కూరగాయలు ఎంత తిన్నా నష్టం కనపడలేదు. అంటే తప్పు కూరగాయది కాదు. తొక్క తీసి తినేవి, అరటి, బొప్పాయి, ఉల్లి, ఆనపకాయ లాంటివాటితో అంత బెంగ అక్కర్లేదు. ద్రాక్ష, క్యాప్సికం, పచ్చిమిర్చి, ఆకుకూరలు ధార కింద బాగా రుద్ది కడుగు. ఊరి నుంచి మీ మామగారు పంపే గోంగూర ఉంటే బజారుది మానెయ్. అయితే ఆయన మిర్చిచేను గురించి వేరే చెప్పాలి, కాసేపాగు.

పసుపు. విడి పసుపు మరీ మెరిసిపోయే పచ్చగా ఉంటే కొనకు. కొమ్ములకు రంగు కోసం సీసం కలిసిన రసాయనం పూసి అమ్మడం బంగ్లాదేశ్‌లో, మన దేశంలోనూ బయటపడింది. సుర్మా పేరుతో అమ్మే కొన్ని కాటుకలదీ అదే తంతు. సీసం బీపీఏ లాంటిది కాదు, ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి కూర్చుంటుంది, గర్భంతో ఉన్నప్పుడు ఎముకలు కరిగి మళ్లీ రక్తంలోకి వస్తుంది. అమ్మ కొమ్ములు పట్టించి పంపుతుందిగా, అది చాలు మనకు.

గాలి గురించి ఒక్క మాట. ఆస్ట్రేలియాలోని పెర్త్ ఊళ్లో ఎనిమిదేళ్ల ఐవీఎఫ్ లెక్కలు తీశారు, 2024లో బయటపెట్టారు. పికప్‌కి ముందు రెండు వారాలు గాల్లో దుమ్ము బాగా ఎక్కువున్నప్పుడు తీసిన గుడ్లతో, బాగా తక్కువున్నప్పటి వాటితో పోలిస్తే, బిడ్డ పుట్టే అవకాశం 38 శాతం తక్కువ. గడ్డకట్టించి దాచిన పిండాలు తర్వాతెప్పుడో పెట్టినా ఆ తేడా నిలిచింది. పెర్త్ గాలి మనకంటే ఎంతో శుభ్రం, తెలుసా! హైదరాబాద్ గాలిని నువ్వూ నేనూ ఏం మార్చలేం. పడగ్గదిలో తలుపులు బిగించి వెలిగించే దోమల చుట్టను మాత్రం ఆపగలం. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లోనే కొలిచి చెప్పారు. దోమతెర కట్టుకో. అగరొత్తులు పూజగదిలో ఒకటి చాలు, కిటికీ తెరిచి. పికప్ రోజు, పిండం లోపల పెట్టే ట్రాన్స్‌ఫర్ రోజు సెంటు, బాడీస్ప్రే, నెయిల్ పాలిష్ వద్దు. పిండాలుండే గదిలో గాలిని ప్రత్యేకంగా బొగ్గు ఫిల్టర్లలో వడకట్టేది ఆ వాసన రసాయనాలు లోపలికి రాకూడదనే.

ఇప్పుడు మీ ఆయన దగ్గరికి వస్తాను. ఇంతసేపూ అన్నీ నీకే చెప్పాను చూడు, అందరూ చేసేదీ అదే. ఏఎంహెచ్ నీది, ఇంజెక్షన్లు నీవి, ఉపవాసాలు నీవి. ఆయన రిపోర్టు ‘పర్వాలేదు’ అన్నారట, దాన్ని ఫైల్లోంచి మళ్లీ తీసి చూడలేదు ఎవరూ. సెలవుల్లో పల్నాడు వెళ్లి, వాళ్ల నాన్నకు సాయమని మిర్చిచేలో ట్యాంకు భుజాన వేసుకుని మందు కొడుతున్నాడట కదా. మూతికి తువ్వాలు చుట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా. 1977లో కాలిఫోర్నియాలో లాత్‌రాప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనిచేసే మగవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటూ, మనలో ఎవరికీ ఈమధ్య పిల్లలు పుట్టలేదేంట్రా అనుకున్నారు. పరీక్ష చేస్తే చాలామందికి వీర్యకణాలు లేవు, లేదా బాగా తక్కువ. వాళ్లు కలిపేది డీబీసీపీ అనే నేలపురుగుల మందు. 1979లో దాదాపు అన్ని వాడకాలకూ దాన్ని అమెరికాలో నిషేధించారు. మీ ఆయన కొట్టేది ఆ మందు కాదు, నిజమే. అయినా వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఈ మూడు నెలలూ చేనుకు వెళ్లినా కూలిమనిషికి చెప్పి, తను దూరంగా ఉండమను. ఆ కూలిమనిషికీ గ్లౌజులు, మాస్కు, బూట్లు కొనిపెట్టమను, అతనికీ పెళ్లాం పిల్లలుంటారు. సిగరెట్టు సంగతి నేను చెప్పక్కర్లేదు, నీకే కోపం వచ్చి ఉంటుంది.

జింకు గోలీలంటావా? అమెరికాలో 2,370 జంటల్లో మగవాళ్లకు ఆరునెలలు జింకు, ఫోలిక్ ఆసిడ్ ఇచ్చి చూశారు, కణాలూ పెరగలేదు, పిల్లలూ ఎక్కువ పుట్టలేదు, కడుపులో వికారం మాత్రం కొందరికి వచ్చింది. నీ ఫోలిక్ ఆసిడ్ గోలీ మాత్రం ఆపకు, అది పుట్టబోయే బిడ్డ వెన్నుపాము కోసం. అదీ ఇదీ ఒకటి కాదు.

ఆఖరుకి, గర్భం నిలిచిందా అని చూసే బీటా పరీక్ష గురించి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక డాక్టరమ్మ చెప్పిన రోజుకి ముందు ఇంట్లో కిట్టు పెట్టి చూడకు. పికప్‌కి ముందు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ హెచ్‌సీజీయే అయితే అది వారం పదిరోజులు ఒంట్లో ఉండి, లేని గర్భానికి కూడా రెండు గీతలు చూపిస్తుంది. మొదటి బీటా ఒక్కటి బాగా వచ్చిందని పండగ చేసుకోకు, తక్కువ వచ్చిందని దిగులుపడకు. రెండురోజులాగి మళ్లీ తీస్తారు, అప్పటికి కనీసం సగం వంతు పెరిగిందా లేదా అన్నదే చూస్తారు. రెండుసార్లూ అదే ల్యాబులో ఇవ్వు, ల్యాబు మారితే అంకెలు మారతాయి. బయోటిన్ మళ్లీ మొదలెట్టావంటే ఊరుకోను. రెండో రిపోర్టు ఎలా వచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్, అమ్మకూ మీ అత్తగారికీ నేను చెప్పుకుంటాను.